సగానికి పెట్టిన గుర్తు

తిట్టడానికి వచ్చుంటే డిటెక్టివ్ భూతద్దం ఎలాగో తట్టుకునేవాడు. తిట్లు తినడం అతని వృత్తిలో సగం. కానీ ఆ మనిషి తిట్టలేదు. నాలుగు మడతలు పెట్టిన దినపత్రికని బల్ల మీద విప్పి, ఎదురుగా కుర్చీ ఉన్నా కూర్చోకుండా, ఫొటో మీద వేలు పెట్టింది.

“ఇది మీరేనా సార్?”

“నేనే.”

“కింద రాసింది మీరు చెప్పిందేనా?”

గురువారం నాటి పత్రిక. అతని నవ్వుమొహం, దాని కింద లావుపాటి అక్షరాలతో ‘హంతకుణ్ణి పట్టించిన ఎడమచెయ్యి’. ఈ నాలుగు రోజుల్లో ఆ కాగితాన్ని తనే పదిసార్లు చదువుకుని మురిసిపోయాడు. ఎడమచేతి వాటం వాళ్ళు కుడి మెదడుతో ఆలోచిస్తారనీ, కుడి మెదడులో లెక్కా పత్రం ఉండదు, ఉన్నదంతా ఆవేశమేననీ, గాయం చూడగానే ఇది ఎడమచేతి పనని పోల్చుకున్నాననీ ప్రైవేటు డిటెక్టివ్ గారు సెలవిచ్చారు.

“నేనే చెప్పానమ్మా.”

“బాగా చదువుకున్నాయన చెప్పారు కదా, నిజమేనేమోనని నేను కూడా ఒక పూటంతా మా ఆయన్ని అనుమానించాను సార్,” అందామె.

భూతద్దానికి చెవులు వేడెక్కాయి. అతని చదువు ఆరో తరగతి మధ్యలోనే ఆగిపోయింది. ఆ మెదడు సంగతి అతనికి తెలిసింది క్షవరం షాపులో వంతు కోసం కూర్చుని తిరగేసిన పాత వారపత్రికలో. దానికి అట్ట కూడా లేదు. అందులో ఉన్నది నెత్తిన పెట్టుకుని విలేఖరుల ముందు వాగాడు. నోరా వీపుకు తేకే అంటారు. అతని నోరు అతని వీపుకే తెచ్చినా బాగుండేది. ఇంకొకడి వీపుకు తెచ్చింది.

ఆ ఇంకొకడు ఈమె మొగుడు. దర్జీ షాపులో కటింగు చేస్తాడు. ఎడమచేతి వాటం కనక అక్కడ అందరూ పుర్రోడు అంటారు. పోయిన మంగళవారం మధ్యాహ్నం ఒంటి గంటా పదికీ ఒంటి గంటా పాతికకీ మధ్య ఆ షాపు యజమాని, అందరూ మాస్టరు అని పిలిచే మనిషి, మెడకి కుడి పక్కన కత్తెరపోటుతో కటింగు బల్ల దగ్గరే కూలిపోయాడు. కత్తెర పుర్రోడిది. ఆ పదిహేను నిమిషాల్లో షాపులో మాస్టరు కాక ఉన్నది ఇద్దరే. ఒకడు పుర్రోడు. రెండో మనిషి మాస్టరు తండ్రి, పక్షవాతంతో కుర్చీకి అతుక్కుపోయిన పెద్దాయన. తను కళ్ళు తెరుచుకునే ఉన్నాననీ, బయటినుంచి పురుగు కూడా రాలేదనీ, కొడుకు పక్కన పుర్రోడు నెత్తుటి కత్తెరతో నిలబడి ఉండగా చూశాననీ పెద్దాయన చెప్పాడు. ఎదురుగా నిలబడి కుడి మెడ మీద పొడవాలంటే పొడిచే చెయ్యి ఎడమదే కావాలి. మాస్టరు భార్య పిలిపిస్తే వెళ్ళిన భూతద్దం గంటలో లెక్క తేల్చేశాడు.

“వెనక గదిలో చేతులు కడుక్కుంటుంటే చప్పుడైందిట. పరిగెత్తుకొచ్చి కింద పడున్న కత్తెర తీశాట్ట. తన కత్తెర కిందపడితే మా ఆయన నిప్పు మీద చెయ్యైనా పెట్టి తీస్తాడు,” అందామె. “ఇవాళ నాలుగింటికి వ్యాన్‌లో పెద్ద జైలుకి పంపించేస్తున్నారు. అక్కడికి వెళ్తే కేసు కదలడానికి రెండేళ్ళు పడుతుందని ప్లీడరు గుమస్తా అన్నాడు. మీ మాట మీద లోపలికి వెళ్ళాడు సార్. మీ మాట మీదే బయటికి రావాలి.”

“నేనేం చెయ్యగలనమ్మా ఇప్పుడు?”

“మాస్టరు గుప్పిట్లో గుడ్డముక్క ఒకటుంది. దాని అంచు చూడమని ఆ రోజే మీతో చెప్పాట్ట. మీరు నవ్వారట.”

నవ్వాడు. నవ్వడమే కాదు, ‘దర్జీ షాపులో గుడ్డముక్క దొరకడం కూడా ఒక ఆధారమేనా?’ అని అందరికీ వినపడేలా అన్నాడు. అందరూ నవ్వారు. బేడీలతో ఉన్న మనిషి ఒక్కడే నవ్వలేదు.

గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. భూతద్దం చొక్కా గుండీ పెట్టుకుని లేచాడు. ఆమె మొహంలోకి చూసే ధైర్యం లేక పత్రికనే మళ్ళీ నాలుగు మడతలూ పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

*

షాపు తలుపు సగం దించి ఉంది. మాస్టరు పోయాక పని లేదు. కుట్టుమిషన్ల మీద గుడ్డలు కప్పేశారు. పెద్దాయన మాత్రం పాత చోటే, వెనక గోడకి చేరేసిన కుర్చీలో ఉన్నాడు. ఆయనకి ఎదురుగా పొడుగాటి కటింగు బల్ల. కుడి చేతివైపు వెనక గది గుమ్మం. ఎడమ చేతివైపు వీధి తలుపు.

భూతద్దం వీధిలోంచి వచ్చి, తలుపు పక్కనే నిలబడి చేతులు జోడించాడు.

“నమస్కారం పెద్దయ్యగారూ.”

పెద్దాయన పలకలేదు. తల కూడా తిప్పలేదు.

“మీతో రెండు ముక్కలు మాట్లాడాలి.”

ఈసారి పెద్దాయన తల తిప్పాడు, కానీ అటుపక్కకి. కుడిపక్కనున్న ఖాళీ గుమ్మం కేసి చూసి, మళ్ళీ ముందుకు తిరిగాడు. భూతద్దం జోడించిన చేతులు దించుకున్నాడు. సరే, నాకు ఇది కావలసిందే, ముసలాయన కూడా మొహం చూడనంటున్నాడు అనుకున్నాడు. 

మేడమెట్లు దిగి పళ్ళెంతో వచ్చింది పెద్దాయన కోడలు, మాస్టరు భార్య. అతన్ని చూసి ఆగింది. పోయిన మంగళవారం నుంచి ఆమె కళ్ళు అలాగే ఉబ్బి ఉన్నాయి.

“అక్కడ నిలబడితే మామయ్యగారు పలకరండీ. కుడిపక్కకి రండి,” అందామె, మంచినీళ్ళు అటుపక్కన ఉన్నాయి అన్నంత మామూలుగా.

భూతద్దం బల్ల చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్ళాడు.

“ఓ, నువ్వా అబ్బాయ్! ఎప్పుడొచ్చావ్?” అన్నాడు పెద్దాయన. గొంతులో కోపం లేదు, తడబాటు లేదు. “వాడికి శిక్ష పడుతుందంటావా?”

భూతద్దం తన కాళ్ళ కేసి చూసుకున్నాడు. పోయిన మంగళవారం తను నిలబడింది కూడా ఇక్కడే, కుడిపక్కనే.

కోడలు ఆయన ఒళ్ళో పళ్ళెం పెట్టింది. పెద్దాయన కుడిచేత్తో తినడం మొదలుపెట్టాడు. తినే తీరు ముచ్చటగా ఉంది, మెతుకు కింద పడలేదు. కాసేపటికి చెయ్యి ఆపి, “ఇంతేనా అమ్మాయీ? ఇంకాస్త పెట్టు,” అన్నాడు. పళ్ళెం సగం నిండుగానే ఉంది. ఎడమ సగం. మధ్యలో కత్తెరతో కోసినట్టు గీత. కోడలు అలవాటుగా పళ్ళాన్ని గుండ్రంగా తిప్పింది.

“ఆఁ, ఇప్పుడు పెట్టావు. ముందే పెడితే ఏం పోయింది?” అని మళ్ళీ తినసాగాడు.

భూతద్దం కోడలి దగ్గరికి జరిగాడు.

“ఎన్నాళ్ళుగా ఇలా?” అన్నాడు గొంతు తగ్గించి.

“ఎనిమిది నెలలైంది. ఆస్పత్రి డాక్టరమ్మ చెప్పారు. దెబ్బ తగిలింది మెదడులో కుడిపక్కనట. ఎడమ చెయ్యీ కాలూ నడిపేది అదేనట. చాలామందికి మాట ఎడమపక్కన ఉంటుందట. అందుకే మామయ్యగారి మాట చెక్కు చెదరలేదు. కాకపోతే ఎడమపక్క అనేది ఒకటుందని మనసుకి తోచదన్నారు. కళ్ళు బాగానే ఉన్నాయి. అటు చూడాలని అనిపించదు, అంతే. గెడ్డం గీసుకున్నా సగమే గీసుకుంటారు.”

“మరి... ఎడమచేతి వాటం వాళ్ళకి?”

“మా షాపులో ఒకాయన ఉన్నాడని నేనూ అడిగానండీ. వాళ్ళలో కూడా ఎక్కువమందికి మాట ఎడమపక్కనేనట. ఆవేశం ఒక గదిలో, లెక్క ఒక గదిలో పెట్టి తాళం వెయ్యడానికి మెదడేం మేడా అని నవ్వారు.”

జేబులో పత్రిక నిప్పుకణికలా తగిలింది భూతద్దానికి.

“ఈ సంగతి పోలీసులకి ఎందుకు చెప్పలేదమ్మా? నాకైనా ఎందుకు చెప్పలేదు?”

ఆమె తెల్లబోయింది. “ఏ సంగతి? పళ్ళెం తిప్పే సంగతా? అది భోజనం దగ్గర మాట కదండీ...” అని, మాట మధ్యలోనే ఆగిపోయింది. కళ్ళు మెల్లగా వీధి తలుపు మీదకి వెళ్ళాయి. “అయ్యో. మేం భోజనం వరకే అనుకున్నామండీ.”

ఎనిమిది నెలలు రోజుకి రెండు పూటలా పళ్ళెం తిప్పిన మనిషికే తట్టలేదు. ఆమెని తప్పుపట్టే అర్హత తనకెక్కడిది?

భూతద్దం పెద్దాయన ముందు కుడివైపుకి వంగి కూర్చున్నాడు.

“పెద్దయ్యగారూ, ఆ రోజు మీ అబ్బాయి బల్లకి ఏ చివర ఉన్నాడు?”

“వీధి చివర. ఎప్పుడూ అక్కడే. తలుపు వైపు వీపు పెట్టి నిలబడతాడు, వెలుతురు గుడ్డ మీద పడాలని.”

“నిలబడి ఉండగా చూశారా?”

“చూడకేం?”

“బాగా గుర్తు తెచ్చుకోండి. నిలబడి ఉండగా చూశారా, పడ్డాక చూశారా?”

అడగవలసిన ప్రశ్న ఇదొక్కటే. వారం కిందట అడిగుంటే సరిపోయేది. అప్పుడు ఫొటోగ్రాఫరు వచ్చే టైమైంది.

పెద్దాయన పళ్ళెం పక్కకి జరిపాడు. నుదుటి మీద ముడతలు పడ్డాయి. “వాడు... అక్కడే ఉంటాడుగా. ఉన్నాడని తెలుసు నాకు.” నుదురు రుద్దుకున్నాడు. “పడ్డాకే చూశాను. తల ఇటు వాలింది. అప్పుడు చూశాను.”

భూతద్దం అరలోంచి మీటరు పొడుగున్న తెల్లగుడ్డ తీసి, పెద్దాయన ఒళ్ళో బల్లచెక్క పెట్టి దానిమీద అడ్డంగా పరిచాడు. సుద్దముక్క చేతికిచ్చాడు.

“దీనికి సరిగ్గా సగానికి గుర్తు పెట్టండి.”

“నాకా పరీక్ష?” పెద్దాయన నవ్వాడు. “యాభై ఏళ్ళు టేపు లేకుండా కోసిన చెయ్యి అబ్బాయ్ ఇది.” కళ్ళతో గుడ్డని ఒకసారి కొలిచి, తడుముకోకుండా చక్కటి గీత గీశాడు.

గీత కుడి అంచుకి జానెడు దూరంలో ఉంది.

భూతద్దం గుడ్డని ఆ గీత దగ్గర మడిచి, రెండు పొరలూ పెద్దాయన కుడిచేతిలో పెట్టాడు. దర్జీ వేళ్ళు కదా, అవి అబద్ధం ఒప్పుకోవు. కొసల్ని కలపబోయాయి. కలవలేదు. ఒక పొర అయిపోయింది, రెండోది పోతూనే ఉంది. వేళ్ళు దాని వెంట నడిచాయి. జానెడు, మూరెడు, ఇంకా ఉంది. పెద్దాయన మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

“ఇదంతా ఎక్కడిది అమ్మాయీ?”

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మీ ఎడమపక్క ఉందండీ. ఆ పక్కనే వీధి తలుపు కూడా ఉంది,” అన్నాడు భూతద్దం.

పెద్దాయన ఆ గుడ్డని ఒళ్ళోకి లాక్కున్నాడు. కళ్ళనీళ్ళు వస్తే తుడుచుకున్నాడు, కుడికన్ను మాత్రమే. ఎడమ చెంప మీద నీరు అలాగే జారింది.

“వాడు నా కాళ్ళు పట్టుకున్నాడు ఆ రోజు. చెప్పండి పెద్దయ్యా, నేను వెనక గదిలోంచి వచ్చాను కదా అన్నాడు. ఛీ పొమ్మన్నాను,” అన్నాడు. “నేను చూశానన్నానే! నా కళ్ళతో చూశానన్నానే!”

“నేనూ అన్నానండీ. మీకు రోగం ఉంది. నాకు అదీ లేదు.”

ఓదార్పు కోసం భూతద్దం పట్టుకోబోతే పెద్దాయన ఎడమచేతి చొక్కా పైకి ముడుచుకుంది. మోచేతి పైన రూపాయి బిళ్ళంత కాలిన మచ్చలు మూడు, కమిలిన మచ్చలు లెక్కలేనన్ని.

“ఇవేమిటి?”

“ఏవి? ఎవరి చెయ్యి అది?” అన్నాడు పెద్దాయన.

“వేడి కాపడం పెట్టేటప్పుడు కాలిందటండీ, రోజూ మూడింటికి కసరత్తు చేయించడానికి వచ్చే ఫిజియో చెప్పారు,” అంది కోడలు. “మామయ్యగారికి నొప్పి తెలీదు. పోయిన సోమవారం మా ఆయన చూసి, ఫిజియోతో ఫోన్లో గట్టిగానే మాట్లాడారు. మర్నాడే...”

భూతద్దం ఆ మాట విన్నాడు. కానీ అప్పుడు ఒంటి గంటా ఇరవై. అతని బుర్రలో నాలుగింటి వ్యాను తప్ప ఇంకేం లేదు. విన్న మాట ఒక మూల పడేశాడు.

వెళ్ళబోతుంటే పెద్దాయన పిలిచాడు. “అబ్బాయ్, కొత్తగా పని నేర్చుకునేవాళ్ళకి గుడ్డ అంచున ఎర్రదారం కుట్టి ఇచ్చేవాణ్ణి. దారం కనపడేదాకా కొలత అయిపోనట్టు లెక్క. నాకూ కట్టు అలాంటిది.”

భూతద్దం కుర్చీకి ఎడమవైపు చేతికర్రకి ఎర్రదారం చుట్టాడు. పెద్దాయన పట్టుదలగా తల తిప్పడం మొదలుపెట్టాడు. మూడుసార్లు మధ్యలోనే ఆగిపోయింది. నాలుగోసారి దారం దాకా వచ్చింది. దారం దాటి, ఎనిమిది నెలల తర్వాత, వీధి తలుపు చూశాడు.

“ఇంత దగ్గరా?” అన్నాడు.

*

“రండి రండి భూతద్దం గారూ,” అన్నాడు ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి కదలకుండా. ఆ పేరు పెట్టింది ఈ స్టేషనువాళ్ళే. “ఈసారి ఏమిటి? ఎడమకాలా?”

గడియారం రెండూ ఇరవై అయిదు.

“వ్యాన్ ఆపించండి. పుర్రోడు కాదు.”

ఇన్‌స్పెక్టరు కలం మూత పెట్టాడు. “మొన్న పత్రికలవాళ్ళ ముందు నన్ను పక్కకి నెట్టి మరీ చెప్పారు, వాడేనని. పోలీసులకి పూటంతా తేలనిది నాకు గంటలో తేలింది అన్నారు. మా పైఆఫీసరు ఆ పత్రిక నా బల్ల మీద పడేసి వెళ్ళాడు. ఇప్పుడొచ్చి కాదంటే, నేనేమన్నా మీ ఇంటి గడియారాన్నా, ముల్లు వెనక్కి తిప్పుకోవడానికి?”

“మీరేమన్నా పడతాను. ముందు కత్తెరా, ఆ గుడ్డముక్కా తెప్పించండి.”

తెప్పించాడు. పరువు పోగొట్టుకున్నవాడు ఇంకోసారి పోగొట్టుకుంటుంటే చూడ్డం ఎవరికి చేదు?

భూతద్దం జేబురుమాలు తీసి, పుర్రోడి కత్తెరని కుడిచేత్తో పట్టుకుని కోశాడు. కత్తెర రెండు అలుగులూ ఒకదానికొకటి ఎడంగా జరిగిపోయాయి. గుడ్డ వాటి మధ్య మడతపడి నలిగింది. మళ్ళీ నొక్కాడు. పీచులు లేచాయి తప్ప తెగలేదు. చివరికి లాగితే చిరిగింది. తర్వాత అదే కత్తెరని ఎడమచేతిలోకి మార్చుకుని, వంకరటింకరగా కోశాడు. వంకరైనా అంచు నున్నగా తెగింది.

“ఎడమచేతివాళ్ళ కత్తెరకి అలుగులు తిరగేసి ఉంటాయి. కుడిచేత్తో పడితే గుడ్డ తెగదు, నములుతుంది. ఇప్పుడు మాస్టరు గుప్పిట్లో దొరికిన ముక్క చూడండి.”

ఇన్‌స్పెక్టరు నెత్తురు ఎండిన ఆ తెల్లముక్కని రుమాలు పక్కన పెట్టి చూశాడు. రెండు అంచులూ ఒక్కలాగే నమిలినట్టున్నాయి. నమ్మకం కుదరక కత్తెర లాక్కుని తనూ కోసి చూశాడు.

“మెదడు దెబ్బతో పెద్దాయన మనసుకి ఎడమపక్క తోచదు, వాడు అటు వీధి తలుపులోంచి మాస్టరు వెనకగా వచ్చాడు. చేతికందిన కత్తెరతో కుడి మెడ మీద పొడిచాడు, కుడిచేత్తో. మాస్టరు వాడి గుడ్డ పట్టుకుని వదల్లేదు. దాన్ని కోసి విడిపించుకోవడానికి అదే కత్తెర వాడాడు. పుర్రోడైతే ఒక్క కోతతో అయిపోయేది. ఈ మాట అతను ఆ రోజే చెప్పాడు. నేను నవ్వాను.”

“నేనూ నవ్వాను,” అన్నాడు ఇన్‌స్పెక్టరు, మొదటిసారి కళ్ళు దించుకుని. వెంటనే తేరుకున్నాడు. “అయితే రాసివ్వండి. మీ చేత్తో. నాకు తెలియని విషయం తెలిసినట్టు చెప్పాను అని. అది పత్రికకి కూడా వెళ్తుంది. తర్వాత మీ బోర్డు మీరే దించుకోవచ్చు.”

భూతద్దం రాశాడు. నాలుగు వాక్యాలు రాయడానికి పావుగంట పట్టింది. ఒత్తులు ఎక్కడ పడాలో అతనికి ఎప్పుడూ అనుమానమే. ఇన్‌స్పెక్టరు భుజం మీంచి చూస్తూ రెండు తప్పులు దిద్దించాడు. పక్క బల్ల దగ్గర కానిస్టేబులు దగ్గినట్టు నవ్వాడు. భూతద్దం తల ఎత్తకుండా సంతకం పెట్టాడు.

అప్పుడు పుర్రోణ్ణి బయటికి తీసుకొచ్చారు.

సన్నటి మనిషి. వారం గెడ్డం. ఎడమచెయ్యి మణికట్టు నుంచి వేళ్ళ చివరిదాకా ఉబ్బి, పాత లుంగీ పీలికతో చుట్టి ఉంది. మధ్యవేళ్ళు రెండూ ఉండవలసిన తీరులో లేవు.

“చెయ్యి...” అన్నాడు భూతద్దం.

“ఏ చెయ్యి కొట్టాలో వాళ్ళకి అనుమానం రాలేదు సార్,” అన్నాడు పుర్రోడు మామూలుగా. “పత్రికలో ఉందిగా.”

క్షమించు అనే మాట భూతద్దం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ చేతి ముందు ఆ మాట ఎంత చవకదో తెలిసి మింగేశాడు.

“వ్యాన్ని వెళ్ళిపొమ్మను,” అని కానిస్టేబులుతో చెప్పి, “కాకపోతే ఒక చిక్కుంది భూతద్దం గారూ,” అన్నాడు ఇన్‌స్పెక్టరు కాగితాలు తిరగేస్తూ. “ముసలాయన సాక్ష్యం. ఆయనకి సగం తోచదని మీరంటున్నారు. కోర్టు ఒప్పుకోదు. చూపూ బుద్ధీ అన్నీ సవ్యంగా ఉన్నాయని ఈ సర్టిఫికెట్ ఉంది నా దగ్గర.”

“ఎవరిచ్చారు? డాక్టరమ్మా?”

“కాదు. రోజూ కసరత్తు చేయిస్తాడే, ఆ ఫిజియో.”

“మీరు అడిగారా?”

“లేదే. బుధవారం పొద్దున్న తనే వచ్చి ఇచ్చి వెళ్ళాడు. కేసుకి పనికొస్తుందని...” ఇన్‌స్పెక్టరు గొంతు దానంతట అదే నెమ్మదించింది.

ఎడమపక్క చూడమని రోజూ నేర్పడమే వాడి ఉద్యోగం. పెద్దాయనకి ఏ పక్క లేదో లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు. ఆ పక్కనుంచి నడిచొస్తే తను గాలితో సమానమని తెలిసినవాడు. మూల పడేసిన మాట భూతద్దం బుర్రలో లేచి నిలబడింది. పొరపాటున కాలినవి కాని మచ్చలు, అది కనిపెట్టిన మాస్టరు సోమవారం చేసిన ఫోను, మర్నాడు మంగళవారం. నెత్తుటి ముక్కని వెలుతురుకి ఎత్తి పట్టాడు. జేబు లోపల కుట్టే గుడ్డ అనుకున్నారంతా. నలగని పక్కన మడిచి కుట్టిన కుట్టు ఉంది. ఆస్పత్రివాళ్ళు చొక్కామీద వేసుకునే తెల్లకోటు చేతి అంచు.

గడియారం మూడూ పది.

భూతద్దం తన సెల్ లోంచి మాస్టరు భార్య నంబరుకి ఫోను చేశాడు. కోడలు తీసింది.

“మీరేనా అండీ? మీకు పుణ్యం ఉంటుంది. మామయ్యగారు నాలుగుసార్లు తలుపు దాకా చూశారు. ఫిజియో గారికి చెప్పాను, ఎంత సంతోషించారో! ఆ రోజు ఎవరొచ్చారో కూడా మెల్లగా గుర్తొస్తుందేమో, అడిగి చూద్దాం అన్నారు.”

“అతను ఎక్కడున్నాడమ్మా?”

“కింద షాపులోనే. నన్ను మేడ మీద నీళ్ళు కాచి తెమ్మన్నారు. ఇదిగో, మెట్ల తలుపుకి షాపు వైపునుంచి గడియ పెట్టారు. ఎప్పుడూ పెట్టరే...”

“తలుపు బాదమ్మా! గట్టిగా బాదు! కేకలు పెట్టు!”

ఇన్‌స్పెక్టరు అప్పటికే టోపీ కూడా పెట్టుకోకుండా జీపు వైపు పరిగెత్తుతున్నాడు. భూతద్దం వెనకే పరిగెత్తాడు. పక్కన ఇంకెవరో పరిగెత్తుతున్న చప్పుడు. పుర్రోడు.

“నువ్వెందుకు? ఇంటికి వెళ్ళు, మీ ఆవిడ ఎదురుచూస్తోంది!” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“వీధి తలుపు బద్దలుకొట్టేలోపు అయిపోతుంది సార్. వెనక గదికి పక్కసందులోంచి దారుంది. ఆ గొళ్ళెం ఎలా ఊడుతుందో నాకొక్కడికే తెలుసు.”

“నిన్ను పట్టించిన ముసలాయన కోసమా?”

“ఏ కత్తెరా నా చేతికి లొంగక, వీడికి పని రాదని నాలుగు షాపులవాళ్ళు తరిమేశారండీ. చెయ్యి మార్చుకోమని కొట్టారు కూడా. పెద్దాయన కొట్టలేదు. తిరగేసిన కత్తెర చేయించి ఇచ్చాడు,” అన్నాడు పుర్రోడు.

జీపు ఎక్కడానికి అలవాటుగా ఎడమచెయ్యి చాచాడు. వేళ్ళు ముడుచుకోలేదు. పట్టుకోమని భూతద్దం తన చెయ్యి అందించాడు. పుర్రోడు ఆ చేతిని చూశాడు. చూసి, కుడిచేత్తో కమ్మీ పట్టుకుని తనంతట తనే ఎక్కాడు.

జీపు కదిలింది. ఫోను ఇంకా భూతద్దం చెవి దగ్గరే ఉంది. అవతల కోడలు రెండు చేతులా తలుపు బాదుతోంది. ఆ చప్పుళ్ళ మధ్య, తలుపుకి అవతలినుంచి, పెద్దాయన గొంతు సన్నగా, ఆశ్చర్యంగా వినిపించింది.

“నువ్వా? ఆ రోజు కూడా... ఇక్కడే నిలబడ్డావా నువ్వు?”

ఆ తర్వాత పెద్దాయన గొంతు వినిపించలేదు.